ఉబ్బసానికి ‘మేకమేయని ఆకు’.. మేలెంత? ముప్పెంత?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: పట్టుగూళ్ల రీలింగ్‌ కేంద్రాల్లో పనిచేసేవారికి తుమ్ములు, ఆయాసం కొత్త కాదు. గూళ్లను ఉడికించి దారం తీసేచోట గాలిలో కలిసే పట్టుపురుగు ప్రొటీన్లు కొందరి ఒంటికి సరిపడవు. ఈ కార్మికుల్లో కనిపించే ఉబ్బసంపై మన దేశ శాస్త్రవేత్తలు 1985లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. బీళ్లలో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి దీనికి తోడు. పొడి గాలి ఊపిరితిత్తులకు మంచిదని 1915లో క్షయ శానటోరియం వెలసిన ఆరోగ్యవరం మదనపల్లె పక్కనే ఉన్నా, ఎలర్జీకి ఆ గాలి అడ్డుకట్ట వేయలేదు.

సంప్రదాయ వైద్యంలో ఉబ్బసానికి వాడే మొక్కల్లో మేకమేయని ఆకు ఒకటి. వెర్రిపాల, కుక్కపాల అనీ పిలుస్తారు. జిల్లేడు కుటుంబానికి చెందిన తీగ. శాస్త్రీయ నామం టైలోఫోరా ఇండికా.

ఢిల్లీలోని వల్లభాయ్‌ పటేల్‌ చెస్ట్‌ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్‌ డి.ఎన్‌.శివపురి బృందం ఈ ఆకును 110 మంది ఉబ్బస రోగులపై పరీక్షించి 1969లో ఫలితాలు వెల్లడించింది. ఎవరికి అసలు ఆకు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మందు ఇచ్చారో రోగులకు తెలియనీయలేదు. రోజుకొక ఆకు చొప్పున ఆరు రోజులు నమిలినవారిలో వారం ముగిసేసరికి 62 శాతం మందికి ఊరట లభించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోనూ 28 శాతం మంది తేరుకున్నారు. అయితే వారాలు గడిచేకొద్దీ ఆ మేలు తగ్గుతూ వచ్చింది. 1979లో మరో బృందం ఇదే తరహాలో పరీక్షించగా చెప్పుకోదగిన తేడా ఏమీ కనిపించలేదు. మొదటి ఫలితాన్ని మాత్రమే చెప్పి రెండోదాన్ని దాటవేసే ప్రచారాన్ని నమ్మరాదు.

దుమ్ము, పుప్పొడి సోకినప్పుడు మాస్ట్‌ కణాలు పగిలి హిస్టమిన్‌ వెలువడటంతో తుమ్ములు, పిల్లికూతలు మొదలవుతాయి. టైలోఫోరా రసాయనాలు ఆ కణాలు పగలకుండా నిలువరిస్తున్నట్లు జంతువులపై ప్రయోగాల్లో తేలింది. వీటిలో ముఖ్యమైన టైలోఫోరిన్‌కు కణ విభజనను అడ్డుకునే గుణం కూడా ఉంది. అందుకే గర్భిణులు, పిల్లలు దీని జోలికి వెళ్లకపోవడమే క్షేమం. ఆకు నమిలినవారిలో నోటి పూత, రుచి తెలియకపోవడం, వాంతులు కనిపించాయి. బ్రిటిష్‌ పాలనలో ఈ మొక్కను వాంతి చేయించడానికే వాడేవారు. మేక ముట్టదని పేరులోనే ఉంది కదా! పైగా ఇదే కుటుంబపు తీగలు చూపునకు ఒకేలా ఉండటంతో పొరపడే ప్రమాదమూ ఉంది.

ఆయాసం ముదిరినప్పుడు ఆకును నమ్ముకుని ఇన్‌హేలర్‌ మానేస్తే ప్రాణాపాయం. మాట పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలిరంగుకు మారుతున్నా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. రీలింగ్‌ కేంద్రాల్లో గాలి ధారాళంగా ఆడేలా చూడటం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం ఏ ఆకుకన్నా ముందు చేయాల్సిన పని.

మన గట్ల మీది అడ్డసరం కథ వేరు. దాని ఆకులోని వాసిసిన్‌ ఆధారంగా రూపొందిన బ్రోమ్‌హెక్సిన్‌ పేరు నేడు దగ్గు మందుల సీసాలపై కనిపిస్తుంది. టైలోఫోరిన్‌ ఇంకా ఆ దశకు చేరలేదు.