జగదల్‌పూర్–రాయ్‌పూర్: గగనతలంలో 235 కి.మీ.కు గంట ఎందుకు పడుతుంది?

జగదల్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి ప్రధాన పట్టణమైన జగదల్‌పూర్ నుంచి రాజధాని రాయ్‌పూర్‌కు రోడ్డు మార్గం దాదాపు 300 కిలోమీటర్లు. ఈ రెండు నగరాల విమానాశ్రయాల మధ్య గగనతల దూరం మాత్రం సుమారు 235 కిలోమీటర్లే.

ఈ లెక్క సులభమే. జగదల్‌పూర్‌లోని మా దంతేశ్వరి విమానాశ్రయం 19.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, రాయ్‌పూర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం 21.2 డిగ్రీల వద్ద ఉన్నాయి. ఒక్కో అక్షాంశ డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా స్వల్పం కనుక రెండూ దాదాపు ఒకే నిలువు గీతపై ఉన్నట్లే.

ప్రాంతీయ మార్గాల్లో నడిచే ఏటీఆర్ 72 విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఆ వేగంతో 235 కిలోమీటర్లకు అరగంట కూడా పట్టకూడదు. అయినా కాలపట్టికలో దాదాపు గంట కనిపిస్తుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, గమ్యంలో మళ్లీ ఆగేవరకు పట్టే మొత్తం సమయాన్ని అందులో చూపడమే ఇందుకు కారణం. రన్‌వేకు చేరడం, పైకి లేవడం, దిగేందుకు వేగం తగ్గించడం వంటివాటికి పట్టే నిమిషాలు దూరం తగ్గినా పెద్దగా తగ్గవు. అందుకే స్వల్ప దూర ప్రయాణంలో వాటి వాటా ఎక్కువ.

ముందుగా విమానాశ్రయానికి చేరుకోవడం, దిగాక నగరంలోకి వెళ్లడం కలిపితే ఇంటి నుంచి గమ్యానికి మూడు, మూడున్నర గంటలు పట్టవచ్చు. కొండగావ్, కేశ్‌కాల్ ఘాట్, కాంకేర్, ధమ్తరీల మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై ఆరేడు గంటలు పడుతుంది. నేరుగా వెళ్లే రైలు మార్గం లేదు. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. ఈ లోటు తీర్చేందుకు ఉద్దేశించిన 140 కిలోమీటర్ల రావ్‌ఘాట్–జగదల్‌పూర్ రైలు మార్గానికి కేంద్రం 2025లో ఆమోదం తెలిపింది.

రాయ్‌పూర్ ఎయిమ్స్‌కు వెళ్లాల్సిన రోగికి ఆదా అయ్యే మూడు గంటలు ఎంతో విలువైనవి. అయితే ఆ ఆదా విమానం ఉన్న రోజున, ఉన్న వేళకే దక్కుతుంది. ఉడాన్ పథకం కింద 2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన తొలి సర్వీసు కొద్ది నెలలకే నిలిచిపోయింది. 2020 సెప్టెంబర్ 21న అలయన్స్ ఎయిర్ హైదరాబాద్–జగదల్‌పూర్–రాయ్‌పూర్ సర్వీసుతో విమానాలు మళ్లీ మొదలయ్యాయి. దీంతో గగనతలంలో సుమారు 430 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ కూడా బస్తర్ వాసులకు చేరువైంది.

విమానం తప్పిపోయినా, రద్దయినా తర్వాతి సర్వీసు కోసం ఒక రోజో, అంతకన్నా ఎక్కువో ఆగాల్సి రావచ్చు. అప్పుడు ఏడు గంటల బస్సు ప్రయాణమే త్వరగా గమ్యానికి చేరుస్తుంది. అందుకే ఇలాంటి మార్గాల్లో ప్రయాణికులు దూరం కంటే ముందు వారానికి ఎన్ని సర్వీసులున్నాయో చూసుకోవడం మేలు.