తిథి యనగానేమి? పంచాంగములు ఏల భేదించును?

“పండుగ ఈనాడా, రేపా?” అను ప్రశ్న మన ఇండ్లలో తరచు వినబడును. సికిందరాబాదు బన్సీలాల్‌పేటలోని పంచాంగమొకటి చెప్పగా, విశాఖపట్టణపు పంచాంగము మరొకటి చెప్పవచ్చును. ఒకటి తప్పని త్రోసివేయుటకు ముందు తిథి యనగా నేమో తెలిసికొనవలెను.

సూర్యచంద్రులు నక్షత్రముల నడుమ తూర్పునకు జరుగుచున్నట్లు మనకు కనబడుదురు. దినమునకు సూర్యుడు సుమారు 1 డిగ్రీ, చంద్రుడు సగటున 13 డిగ్రీలు జరుగును. అమావాస్య ముగియునప్పుడు ఇద్దరి స్థానము లొకటే. అటుపై చంద్రుడు సూర్యుని 12 డిగ్రీలు మించగానే ఒక తిథి ముగియును. 360 డిగ్రీలకు 30 తిథులు.

ఉదాహరణకు, ఒకనాటి సూర్యోదయమున సూర్యుడు మేషాదినుండి 100 డిగ్రీలలోను, చంద్రుడు 131 డిగ్రీలలోను ఉన్నారనుకొందము. భేదము 31. దానిని 12చే భాగించిన, రెండు తిథులు గడచి మూడవదైన శుక్ల తదియ నడచుచున్నది. తిథిలో సగము కరణము. 31ని 6చే భాగించిన ఆరవదగు గరజి వచ్చును. చంద్రుని 131ని 13 డిగ్రీల 20 కళలచే భాగించిన పదవ నక్షత్రమగు మఖ తేలును. ఇద్దరి మొత్తము 231ని అట్లే భాగించిన 18వ యోగమగు వరీయాన్ వచ్చును. వారమును చేర్చిన అంగము లైదు.

చంద్రుని కక్ష్య దీర్ఘవృత్తము. కనుక వాని వేగము మారుచుండును. తిథి ఒకప్పుడు 20 గంటలు, ఒకప్పుడు 27 గంటలకు కొంచెము తక్కువగా నుండును. సగటు 23 గంటల 37 నిమిషాలు. అందుచే తిథి ఏ వేళనైనను మారవచ్చును. సామాన్యముగా సూర్యోదయమున నున్న తిథియే ఆ దినపు తిథి. దీపావళికి సాయంకాలమును, శివరాత్రికి అర్ధరాత్రమును చూతురు.

తిథి ముగియు క్షణము అంతటను ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేరు. విశాఖపట్టణము 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశమునను, సికిందరాబాదు 78.5 డిగ్రీలనను ఉన్నవి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సుమారు 19 నిమిషాలు ముందుగా తెల్లవారును. ఆ నడుమ తిథి ముగిసినచో రెండు ఊళ్ళకు ఆనాటి తిథి వేరగును. రెండు పంచాంగములును సరియైనవే!

రెండవ కారణము గణితము. పూర్వ పద్ధతిలో 60 ఘడియల తిథి 5 ఘడియలు పెరుగును, లేదా 6 తరుగును. నేటి దృగ్గణితము ప్రకారము 7 పెరుగును, 10 తరుగును. అందుచే తిథ్యంతములలో కొన్ని గంటల తేడా రావచ్చును. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము, 1955 నాటి నివేదికలో ఆధునిక గణితమునే అనుసరింపుమని సూచించినది.

దీనికి ఆకాశమే సాక్షి. చంద్రగ్రహణ మధ్యకాలము పూర్ణిమాంతమునకు మిక్కిలి సమీపముననుండును. 2025 సెప్టెంబరు 7 రాత్రి గ్రహణమధ్యము 11 గంటల 41 నిమిషాలు. ఉపాధ్యాయులు ఆ యేటి పంచాంగములను తెప్పించి, పూర్ణిమ ముగిసిన వేళను విద్యార్థులచేత పోల్చి చూపింతురుగాక. ఏ గణితము ఆకాశముతో ఏకీభవించునో వారే తేల్చుకొందురు.