హైబ్రిడ్ కారుకూ ఉంది ఒక బెల్టు!

హైబ్రిడ్ కారు అనగానే చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. అంతా బ్యాటరీ, అంతా కరెంటు, పాతకాలపు సామాను చూసుకోవలసిన పని లేదని. కొన్ని బండ్ల విషయంలో అది నిజమే. 1997లో జపానులో మొదట విడుదలైన టొయోటా ప్రియస్ సంగతే తీసుకోండి. 2009లో వచ్చిన దాని మూడో తరంలో ఇంజను బయట బెల్టే లేదు; నీటి పంపు, ఏసీ కంప్రెసరు రెండూ కరెంటుతోనే తిరుగుతాయి. కాని మన వీధుల్లో కనిపించే హైబ్రిడ్లన్నీ ఆ జాతివి కావు. 2015 నుంచి మారుతి సియాజ్, ఎర్టిగా వంటి వాటిలో వచ్చినవి తేలికరకం హైబ్రిడ్లు. వీటి ఆయువుపట్టు ఒక నల్లని రబ్బరు బెల్టు.

మిల్లు బెల్టు వేరు, ఇది వేరు

తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల్లో పెరిగిన మావంటి వాళ్లకు బెల్టు కొత్త కాదు. గంగావతి, సింధనూరు వైపు రైస్ మిల్లుల్లో పొడవాటి పట్టాలు తిరగడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అక్కడ మోటారు లాగుతుంది, మిల్లు తిరుగుతుంది. పెత్తనం ఎప్పుడూ ఒకరిదే.

ఈ కారులో అలా కాదు. బండి నడుస్తున్నంతసేపూ ఇంజను బెల్టును లాగి జనరేటరును తిప్పుతుంది. సిగ్నలు దగ్గర ఇంజను తనంతట తాను ఆగి, మళ్లీ కదలాల్సి వచ్చినప్పుడు ఆ జనరేటరే మోటారుగా మారి, అదే బెల్టుతో ఇంజనును లేపుతుంది. వేగం అందుకునేటప్పుడు కాస్త భుజం కూడా కలుపుతుంది. అంటే బెల్టులో బిగువు వైపు, వదులు వైపు క్షణంలో తారుమారవుతాయి. అందుకే పొడవు సరిపోయింది కదా అని మామూలు బెల్టు వేయకూడదు. ఆ బండికి చెప్పిన నంబరుదే వేయాలి.

కీచుమంటే ఏమిటి?

కిందటి వర్షాకాలం మా బండి పొద్దున్నే కీచుమనడం మొదలుపెట్టింది. సంక్రాంతికి అమ్మానాన్నలతో, పిల్లలతో భీమవరం వెళ్లాలి. నంద్యాల దాటాక దారి నల్లమల అడవిలోంచి. అక్కడ రాత్రిపూట బెల్టు తెగితే చార్జింగు ఆగిపోతుంది. నీటి పంపు కూడా దానిమీదే ఆధారపడితే ఇంజను కాగిపోతుంది. ఒక మెకానిక్కు "ఏదో మందు చల్లితే పోతుందన్నా" అన్నాడు. చప్పుడు పోతుంది గాని జబ్బు పోదు గదా! నేనే చూడటానికి కూర్చున్నాను.

పాత బెల్టులు పగుళ్లిచ్చి హెచ్చరించేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తొందరగా పగలదు, లోపల్లోపలే అరుగుతుంది. దుక్కిలో చాళ్లలాగా ఉండే గాళ్లు వెడల్పయి, బెల్టు పుల్లీలో కిందికి దిగిపోతుంది. కంటికి బాగానే కనబడుతుంది. గాడి లోతు చూసే చిన్న ప్లాస్టిక్ కొలత ఒకటి దొరుకుతుంది. దాన్ని పెట్టి చూస్తే మా బెల్టు అరిగిపోయిందని తేలింది.

ఇంకో పరీక్ష: ఇంజను నడుస్తుండగా, దూరంగా నిలబడి గాళ్ల మీద కొద్దిగా నీళ్లు పిచికారీ చేయండి. చప్పుడు పెరిగితే బిగువు చాలడం లేదు. కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవు.

మార్చే పద్ధతి

ఇంజను చల్లారాలి. తాళం తీసెయ్యాలి, బటను బండి అయితే తాళాన్ని దూరంగా పెట్టాలి. ఈ బండ్లలో ఇంజను ఆగినంత మాత్రాన బండి ఆగినట్టు కాదు. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. రెండు బ్యాటరీలుంటే పుస్తకంలో చెప్పిన వరసలోనే. నారింజ రంగు తీగలున్న పెద్ద హైబ్రిడ్ల జోలికి ఇంట్లో పోవద్దు. వాటిలో ఉండేది ప్రాణం తీసే కరెంటు.

బెల్టు ఏ పుల్లీ మీదుగా, ఏ పక్కగా పోతోందో ఫోటో తీసుకున్నాను. పొడవాటి పిడి స్పానరుతో టెన్షనరును తిప్పి పట్టుకుంటే బెల్టు వదులై ఊడి వచ్చింది. అప్పుడే ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడాలి. గరగరలాడినా, ఊగినా అది కూడా మార్చాల్సిందే. లేకపోతే కొత్త బెల్టునూ అది తినేస్తుంది. మా బండిలో టెన్షనరు బేరింగు గరగరలాడింది, దాన్నీ మార్చాం.

పాత, కొత్త బెల్టులను పక్కపక్కన పెట్టి పొడవూ, గాళ్ల లెక్కా సరిచూశాను. గాళ్లన్నీ పుల్లీలో కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్క గాడి పక్కకు తప్పినా బెల్టు అంచు చీలిపోతుంది. తర్వాత అయిదు నిమిషాలు ఇంజను నడిపి, ఆపి, మళ్లీ ఒకసారి చూడాలి.

స్పానరు పట్టే అలవాటు లేనివారు ఈ పని మెకానిక్కుకే వదిలేయండి. కాని గాళ్ల కొలత పెట్టించడం, పుల్లీలు తిప్పించడం మాత్రం దగ్గరుండి చేయించండి. పండక్కి సొంతూరు బయలుదేరేముందు టైర్లలో గాలి చూసుకుంటాం, నూనె చూసుకుంటాం. ఆ వరసలో ఈ బెల్టునూ చేర్చండి. బండిలో కూర్చునేది మనవాళ్లే గదా!