బిడ్డకు కడుపు బాగోలేకపోతే తల్లి తిండి తగ్గించాలా?

"నిన్న పప్పు తిన్నావు కదా, అందుకే బిడ్డకు కడుపుబ్బరం." రెండు నెలల పసికందు సాయంత్రం పూట కాళ్లు ముడుచుకుని ఏడుస్తుంటే చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట ఇదే. మర్నాటి నుంచి బాలింత కంచంలో పప్పు, వంకాయ, గోంగూర, పెరుగు ఒక్కొక్కటే మాయమవుతాయి. చివరకు అన్నం, కారప్పొడి, నెయ్యి మిగులుతాయి.

అయినా చాలాసార్లు బిడ్డ ఏడుపు ఆగదు. ఎందుకంటే తప్పు పప్పుది కాదు.

తల్లి కడుపులోని గ్యాస్ పాలలోకి వస్తుందా?

రాదు. పప్పులు, క్యాబేజీ వంటి వాటిలో అరగకుండా మిగిలిన భాగాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు గ్యాస్ పుడుతుంది. అది తల్లి పేగుల్లోనే ఉంటుంది. పాలు తయారయ్యేది రక్తం ద్వారా అందే పోషకాలతో.

పసిపిల్లల్లో ఈ సాయంత్రపు ఏడుపు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. తల్లిపాలు తాగే బిడ్డ మొదటి వారాల్లో రోజుకు ఐదారుసార్లు పసుపు రంగులో పలుచగా విరేచనం చేయడం మామూలే. నెలన్నర దాటాక కొందరు రెండు మూడు రోజులకోసారి చేస్తారు. బిడ్డ హుషారుగా ఉండి బరువు పెరుగుతుంటే కంగారు అక్కర్లేదు.

అనుమానించాల్సింది దేన్ని?

తల్లి ఆహారం వల్ల బిడ్డకు నిజంగా ఇబ్బంది కలిగే సందర్భాల్లో ఎక్కువగా కనిపించే కారణం పశువుల పాలలోని ప్రోటీన్. ఇది కొద్దిమంది పిల్లలకే పడదు. విరేచనంలో రక్తపు చారలు లేదా జిగురు, పదేపదే వాంతులు, తగ్గని ఎగ్జిమా, బరువు పెరగకపోవడం దీని లక్షణాలు.

అప్పుడు డాక్టర్ సలహాతో తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పనీర్, పాలపొడి కలిసిన పానీయాలు మానేసి చూడాలి. ఆవు పాలకు బదులు గేదె పాలో మేక పాలో తాగితే ప్రయోజనం లేదు, వాటి ప్రోటీన్లూ దాదాపు అలాంటివే. లాక్టోజ్ తీసేసిన పాలలోనూ ఆ ప్రోటీన్ ఉంటుంది. బిడ్డ తేరుకుంటే, డాక్టర్ చెప్పినప్పుడు మళ్లీ పాలు మొదలుపెట్టాలి. లక్షణాలు తిరగబెడితేనే కారణం ఖాయమైనట్టు. మార్పు లేకపోతే పాలు మానాల్సిన పనిలేదు.

మానేసినన్నాళ్లూ రాగులు, నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు కాల్షియం లోటు తీరుస్తాయి. శాకాహారులైతే బి12 మాత్రల గురించి డాక్టర్‌ను అడగాలి.

అతి పథ్యంతోనే ప్రమాదం

మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ అదనంగా 600 కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు చేస్తోంది. పథ్యం పేరుతో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యపు అన్నమే ప్రధానంగా తింటే తల్లిలో థయామిన్, అంటే బి1 విటమిన్, తగ్గుతుంది. దాంతో పాలలోనూ తగ్గుతుంది. ఈ లోపంతో పసిపిల్లలు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి చేరడాన్ని కశ్మీర్ వైద్యులు గుర్తించారు. ఆ జబ్బు కూడా వాంతులు, పాలు తాగకపోవడం, ఆగని ఏడుపుతోనే మొదలుకావచ్చు. అది చూసి తల్లి పథ్యాన్ని ఇంకా బిగిస్తే ముప్పు పెరుగుతుంది.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం, పొట్ట గట్టిపడి ఉబ్బడం, గొంతు పోయినట్టు ఏడవడం, మూత్రం తగ్గడం, పాలు తాగకుండా మగతగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. నీళ్ల విరేచనాలైనా తల్లిపాలు ఆపకూడదు.

మిగతా రోజుల్లో బాలింత కంచంలో పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు ఉండాల్సిందే. ఆమె కడుపు నిండా తింటేనే బిడ్డకూ మేలు.