తల్లికి ఉన్నా బిడ్డకు రాకుండా



హెచ్.ఐ.వి. పేరు మీరు వినే ఉంటారు. అది రక్తంలో చేరే క్రిమి. మందు వాడకపోతే కొన్నేళ్లకు ఒంట్లో శక్తిని తినేస్తుంది. ఆ చివరి దశనే ఎయిడ్స్ అంటారు.

కలిసి తింటే రాదు. దోమ కుడితే రాదు. తుంగభద్రలో ఒకే రేవులో స్నానం చేసినా రాదు. నిరోధ్ లేని కలయిక వల్ల వస్తుంది. క్రిమి ఉన్న రక్తం వల్ల, ఒకరికి వాడిన సూది వల్ల వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఈ పాఠం బిడ్డ గురించి.

బిడ్డకు ఎప్పుడు వస్తుంది?

కడుపులో ఉన్నప్పుడు, కాన్పు అప్పుడు, పాలు తాగేటప్పుడు. మందు వాడకపోతే నూరు మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వస్తుంది. మందు సరిగా వాడితే అయిదుగురికి కూడా రాదు.

మందు ఏం చేస్తుంది?

చేనులో కలుపును పూత పట్టకముందే కోస్తే విత్తనం రాలదు. వేరు మాత్రం ఉంటుంది. ఈ మందూ అంతే. క్రిమిని పెరగనియ్యదు, పూర్తిగా తీసెయ్యదు. అందుకే మాత్ర రోజూ వేసుకోవాలి. ఆపితే క్రిమి మళ్లీ పెరుగుతుంది.

మందుతో బిడ్డను కాపాడవచ్చని 1994లో తేలింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఈ మందులు ఉచితంగా ఇస్తోంది.

ఏం చేయాలి?

1. నెల తప్పితే మూడు నెలల్లోపే సర్కారు దవాఖానకు పోవాలి. హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోవాలి. పైసలు అడగరు. భర్తకూ చేయించాలి.

2. క్రిమి ఉందని తేలితే ఆలస్యం లేకుండా మాత్రలు మొదలుపెట్టాలి. వలస పోయేముందు మందులిచ్చే కేంద్రంలో చెప్పాలి. పోయే ఊరిలో మందు దొరికేటట్లు కాగితం రాసిస్తారు.

3. కాన్పు దవాఖానలోనే కావాలి.

4. పుట్టిన బిడ్డకు కనీసం ఆరు వారాలు మందు పోయాలి. తల్లి మాత్రలు వేసుకుంటూ ఆరు నెలలు తన పాలే ఇవ్వాలి. తేనె, చక్కెర నీళ్లు, బర్రెపాలు కలపవద్దు.

5. బిడ్డకు ఆరు వారాలప్పుడు పరీక్ష చేయించాలి. చివరి పరీక్ష 18 నెలలకు.

"నలుగురికి తెలిస్తే ఎట్లా?"

ఈ భయంతోనే చాలామంది పరీక్షకు పోరు. మన పాలమూరు మగవాళ్లు పనికి బొంబాయి పోతారు. ఇంటి దగ్గర భార్యకు కడుపు పరీక్షలో బయటపడుతుంది. అప్పుడు నింద ఆమె మీద వేస్తారు. ఇది అన్యాయం. ముందు తెలిసింది ఆమెకు. అంతే గాని ముందు వచ్చింది ఆమెకని కాదు.

2017లో చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైంది. మీరు ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. మీ సంగతి ఊర్లో చెప్పకూడదు. వైద్యం కాదనకూడదు. సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి.

- బిడ్డకు క్రిమి ఏయే సమయాల్లో వస్తుంది?
- మాత్ర ఎందుకు ఆపకూడదు?
- మీ వాడలో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరు? ఈ పాఠం వాళ్లకు చదివి వినిపించండి.