వియ్యపురాలి కోసం స్పానిష్

66 ఏళ్ల వయసులో స్పానిష్ నేర్చుకుంటున్నానంటే మా వీధిలో నవ్వని వాళ్లు లేరు. "లెక్కల టీచరమ్మ మళ్లీ ఒకటో తరగతిలో చేరింది" అని మావారు కూడా వేళాకోళం చేశారు. కానీ దానికో కారణం ఉంది. పాఠకులతో పంచుకోదగ్గదే అనిపించి రాస్తున్నాను.

మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తూ కొలంబియా దేశపు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కోడలికి ఇంగ్లీషు వచ్చు కనుక మాకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా బొగొటాలో ఉండే వియ్యపురాలితోనే. ఆవిడకు స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఫోనులో ఒకరినొకరం చూసుకుని నవ్వుకోవడం, చెయ్యి ఊపడం, అంతే. రెండేళ్ల కిందట మా వియ్యంకుడు పోయారు. తెర మీద ఆవిడ ఏడుస్తోంది. నేను చేతులు జోడించి బొమ్మలా కూర్చుండిపోయాను. పక్కింట్లో ఎవరైనా పోతే వెళ్లి నాలుగు మాటలు చెప్పి వస్తాం. సొంత వియ్యపురాలికి ఆ మాత్రం చెయ్యలేకపోయానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వారమే స్పానిష్ పుస్తకం తెప్పించాను.

నెల తిరక్కుండానే పుస్తకం అటకెక్కింది. అప్పుడు మా అబ్బాయి వీడియోలు చూడమన్నాడు. మొదట చూసింది 'దెస్తీనోస్'. స్పానిష్ నేర్పడానికి 1992లో అమెరికాలో వచ్చిన 52 భాగాల టీవీ సీరియల్ అది. స్పెయిన్ అంతర్యుద్ధంలో చనిపోయిందనుకున్న తన మొదటి భార్య గురించి, మెక్సికోలో ఉన్న ఒక ముసలాయనకు ఉత్తరం వస్తుంది. నిజమేమిటో తెలుసుకోవడానికి రకేల్ అనే లాయరమ్మ స్పెయిన్, అర్జెంటీనా, ప్వెర్టోరికో అన్నీ తిరిగి మెక్సికో చేరుతుంది. సీరియళ్లకు అలవాటు పడ్డ ప్రాణం కదా, ఇక లేవబుద్ధి కాలేదు. కథ కోసం చూస్తూంటే భాష దానంతటదే చెవిన పడింది.

దానితో పాటే తికమకా మొదలైంది. సుమారు 20 దేశాల భాష మరి! దేశానికో వీడియో చూడసాగాను. కృతజ్ఞతలు చెప్పే 'గ్రాసియాస్' అనే మాటలో 'స'కారాన్ని స్పెయిన్‌లో చాలా చోట్ల ఇంగ్లీషు 'థాంక్యూ'లోని మొదటి ధ్వనిలా, నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. మెక్సికో, కొలంబియాల్లో ఉత్త 'స'కారమే. 'నేను' అనడానికి మెక్సికో మనిషి 'యో' అంటే, బ్వేనోస్ ఐరెస్ మనిషి 'షో' అంటాడు. 'గ్వాగ్వా' అంటే క్యూబాలో బస్సు, చిలీలో చంటిపిల్ల!

ఈ చివరి మాట వినగానే నాకు నవ్వూ వచ్చింది, పాత సంగతొకటీ గుర్తొచ్చింది. ఒరిస్సా వేరే రాష్ట్రమైన 1936 నాటికే బరంపురంలో స్థిరపడ్డ కుటుంబం మాది. మా వైపు ఆడపిల్లను 'గుంట' అంటాం. పెళ్లయిన కొత్తలో విజయవాడ బంధువులింట్లో, మా ఆడపడుచు కూతురి గురించి "మా గుంటకి ఆకలేస్తోంది" అన్నాను. గుంటంటే గొయ్యి కదా అని ఇల్లంతా నవ్వారు. ఆ తరవాత బయటివాళ్ల ముందు ఆ మాట అనడమే మానేశాను.

"ఇన్నిట్లో అసలు స్పానిష్ ఏదిరా?" అని అబ్బాయిని అడిగాను. "నువ్వు ఎవరితో మాట్లాడాలమ్మా?" అని వాడు ఎదురు ప్రశ్న వేశాడు. అంతే, దారి దొరికింది. అన్ని దేశాలవీ వినడానికి, బొగొటాది మాట్లాడడానికి అనుకున్నాను.

అలా అనుకునేలోగానే ఒక తప్పు చేశాను. మాకు రాత్రి ఏడైతే బొగొటాలో పొద్దున్న ఎనిమిదిన్నర. ఒకరోజు ఆవిడ "ఉండండి, తింతో తెచ్చుకుంటాను" అంది. స్పెయిన్ వీడియోల్లో తింతో అంటే ఎర్ర ద్రాక్షసారాయి అని నేర్చుకున్నాను. పొద్దున్నే మొదలుపెట్టేసిందా, భర్త పోయిన దిగులు కాబోలు అని గుండె గుభేలుమంది. తీరా చూస్తే చేతిలో కాఫీ కప్పు! కొలంబియాలో తింతో అంటే పాలు పొయ్యని కాఫీ.

ఆనాటి నుంచి బొగొటా వంటలూ, సంతలూ, వీధులూ చూపించే చిన్న వీడియోలు రోజుకొకటి మూడేసి సార్లు చూస్తున్నాను. మొదటిసారి అక్షరాలు లేకుండా, రెండోసారి కింద స్పానిష్ అక్షరాలతో, మూడోసారి కళ్లు మూసుకుని. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పెట్టుకోను. పెట్టుకుంటే కన్ను చదివేస్తుంది, చెవి నిద్రపోతుంది.

అక్కడ భార్యాభర్తలు కూడా 'ఉస్తెద్' అని, అంటే 'మీరు' అని, పిలుచుకోవడం మామూలేనని ఆ వీడియోల్లోనే తెలిసింది. 'సుమెర్సే' అని మరో పిలుపుంది. 'తమ దయ' అనే అర్థం నుంచి పుట్టిన మాట. మర్యాదా, ఆప్యాయతా రెండూ ఉన్నాయందులో. మన 'వదినగారూ'కి ఇంతకన్నా దగ్గరి మాట నాకు కనబడలేదు.

మొన్న వియ్యంకుడి సంవత్సరీకం నాడు "సుమెర్సే" అని పిలిచి, "లో సియెంతో మూచో" అన్నాను. ఎవరైనా పోయినప్పుడు వాళ్లు చెప్పుకునే మాట అది. రెండేళ్లు ఆలస్యంగా చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, పావుగంట సేపు ఆయన గురించి చెప్పింది. సగమే అర్థమైంది. అయినా ఈసారి బొమ్మలా కూర్చోలేదు.

చివర్లో ఆవిడ ఒక ప్రశ్న వేసింది: మన మనవరాలిని తెలుగులో ఏమని పిలవాలి? 'అమ్మాయి' అని నోటిదాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగి, "గుంట" అన్నాను.

ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా ఆవిడ మొదట అడిగేది "మా గుంట ఎలా ఉంది?" అనే.