వాగుకు చోటిచ్చిన ఆల్థాన్

సూరత్: వజ్రాలకు, పట్టు జరీకి పేరుగాంచిన సూరత్ నగరానికి వరద రెండు మార్గాల్లో వస్తుంది. మొదటిది తాపీ నది. 2006 ఆగస్టులో ఎగువనున్న ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కావడంతో నగరంలో అధిక భాగం జలమయమైంది. రెండవది ఖాడీలు. సముద్రపు పోటు ప్రభావానికి లోనయ్యే వాగులను అక్కడ ఖాడీలంటారు. కుండపోత వాన, పోటు ఒకే సమయంలో వస్తే వాగునీరు దిగువకు పోలేక వీధుల్లోకి ఎగదన్నుతుంది. 2025 జూన్‌లోనూ ఖాడీల వరద లోతట్టు కాలనీలను ముంచెత్తింది.

నదికి కరకట్టలున్నాయి, జలాశయానికి తలుపులున్నాయి. వాగుకు కావలసింది మాత్రం చోటు. విస్తరిస్తున్న నగరాలు మొదట కబళించేది ఆ చోటునే.

నగర నైరుతి ప్రాంతమైన ఆల్థాన్ వద్ద ఇందుకు భిన్నమైన ప్రయత్నం జరిగింది. నిరుపయోగంగా పడి ఉన్న కాంకరా ఖాడీ తీర భూములను నగరపాలక సంస్థ జీవవైవిధ్య వనంగా మార్చేందుకు పూనుకుంది. హెడ్గేవార్ వంతెన నుంచి భీమ్‌రాడ్-బమ్రోలీ వంతెన వరకు దీని విస్తీర్ణం 87 హెక్టార్లు. ఫ్రెంచి అభివృద్ధి సంస్థ, ఐరోపా సమాఖ్యల తోడ్పాటుతో కేంద్రం 2018లో ప్రారంభించిన ‘సిటీస్’ పథకం కింద ఇది ఎంపికైంది. విశాఖపట్నంలో మున్సిపల్ పాఠశాలల ఆధునికీకరణ కూడా ఈ పథకంలోనిదే.

సిమెంటు కాలువ నీటిని వేగంగా తోసి దిగువ కాలనీకి అప్పగిస్తుంది. చెట్లు, గడ్డి కమ్మిన వాలుగట్లు ప్రవాహ వేగాన్ని తగ్గిస్తాయి. కొంత నీరు నేలలో ఇంకుతుంది, ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. ఆ పచ్చదనమే పక్షులకు గూడు, సీతాకోకచిలుకలకు మేత.

ఈ విషయం తెలుగువారికీ సంబంధించినదే. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు అనేకం నివసించే లింబాయత్‌ను మీఠీ ఖాడీ తరచూ ముంచుతోంది. మరమగ్గం ఆగిన రోజు కార్మికునికి కూలి ఉండదు.

అయితే ఒక్క వనంతో ముప్పు తొలగదు. ఎగువన ఆక్రమణలు, చెత్త అలాగే ఉంటే దిగువన ఎన్ని మొక్కలు నాటినా ప్రయోజనం పరిమితమే. మిగతా ఖాడీలకూ వాటి చోటు వాటికి దక్కాలి. చెరువులను, నాలాలను కుదించిన ఫలితాన్ని 2020 అక్టోబర్‌లో చవిచూసిన హైదరాబాద్‌కు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.